6 గంటల 10 నిమిషాలు: మన ఊరి నుంచి న్యూరాలజిస్ట్ ఎంత దూరం?

ఈ ఎపిసోడ్‌లో ముందు ఒక టైం గుర్తుపెట్టుకోండి. ఆదివారం, పొద్దున 7:30.

మాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. సంగారెడ్డి దగ్గర, దుర్గాభవానీ అమ్మవారి గుడి ఉన్న ఊరు అంటే చాలామంది గుర్తుపడతారు. మా చిన్నాయన పాశమైలారం వైపు ఒక కంపెనీలో ఆపరేటర్. ఆ రోజు సెలవు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గ్లాసు చేతిలోంచి జారి కిందపడింది. చిన్నమ్మ "ఏమైంది?" అంటే ఏదో చెప్పబోయాడు, మాట ముద్దగా వచ్చింది. నోరు ఒక పక్కకి వంకరపోయింది. టైం 7:30. టీవీలో అప్పుడే ఒక ప్రోగ్రాం మొదలైంది కాబట్టి మాకు కచ్చితంగా గుర్తుంది.

హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ ఆయన్ని చూసేసరికి మధ్యాహ్నం 1:40. అంటే 6 గంటల 10 నిమిషాలు. డాక్టర్ గారు కోప్పడలేదు. "లేటయింది బాబూ" అని మాత్రం అన్నారు.

చాలా రోజులు నేను ఏమనుకున్నానంటే, "మనది పల్లెటూరు, పెద్ద దవాఖాన దూరం, అందుకే ఇట్లయింది" అని. ఒకరోజు కాగితం తీసి లెక్క రాశాను. ఆ లెక్క చూశాక నా ఆలోచన మారింది. అదే ఈరోజు మీతో మాట్లాడదామనుకున్నది.

లెక్క ఇది

7:30 నుంచి 9:15 దాకా ఇంట్లోనే ఉన్నాం. చేతికి నూనె రాశాం. "బీపీ తక్కువైందేమో, కొంచెం పడుకోనీ" అన్నారు ఒకరు. పెద్దనాయన వచ్చాక అడుగుదాం అన్నారు ఇంకొకరు. 1 గంట 45 నిమిషాలు.

9:15 నుంచి 10:30 దాకా దగ్గర్లో ఉన్న ఒక ప్రాక్టీషనర్ దగ్గర. ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టాడు. 1 గంట 15 నిమిషాలు.

అక్కణ్ణుంచి బండి పట్టుకుని సంగారెడ్డి చేరడానికి అరగంట. 11 అయింది.

సంగారెడ్డిలో మొదట వెళ్ళిన చోట స్కాన్ తీసేవాళ్ళు ఆ రోజు లేరు. అది మాకు తెలిసేసరికి గంట పోయింది. 12 అయింది.

అక్కణ్ణుంచి వేరే బండి మాట్లాడుకుని, కంది, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు, మియాపూర్, కూకట్‌పల్లి మీదుగా సిటీలోకి 1 గంట 40 నిమిషాలు.

ఇప్పుడు కూడండి. దారి తిన్నది ఎంత? 2 గంటల 10 నిమిషాలు. మిగతా 4 గంటలు? అవి దూరం వల్ల పోలేదు. ఏం జరుగుతోందో తెలియక, ఎక్కడికి పోవాలో తెలియక పోయాయి.

ఆ 4 గంటల్లో లోపల ఏం జరిగింది?

మన వాళ్ళు "కాలు చేయి పడిపోయింది" అంటారు. పక్షవాతం అంటారు. కానీ చెడిపోయేది కాలూ కాదు, చేయీ కాదు. దెబ్బ మెదడుకి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే గొట్టంలో గడ్డ అడ్డుపడితే, ఆ గొట్టం మీద ఆధారపడ్డ భాగం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ భాగం కుడి చేతిని నడిపేదైతే కుడి చేయి పడిపోతుంది. మాటని నడిపేదైతే మాట పోతుంది. ఇదే స్ట్రోక్.

2006లో వచ్చిన ఒక లెక్క ఉంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే, వైద్యం అందని ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు పోతాయని అంచనా. నిమిషానికి! మనం "పెద్దనాయనని రానీ" అనుకుంటూ కూర్చున్న 10 నిమిషాల్లో కోటి 90 లక్షలు.

గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. 1995లోనే పెద్ద పరీక్షలో అది పనిచేస్తుందని తేలింది. అప్పుడు గడువు 3 గంటలు. 2008లో ఇంకో పరీక్ష తర్వాత ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. అందరికీ ఇవ్వరు, రక్తస్రావం ప్రమాదం ఉంటుంది కాబట్టి డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. పెద్ద గడ్డ అయితే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి బయటికి లాగే పద్ధతి కూడా ఉంది. కొంతమందికి 24 గంటల దాకా అది చేయొచ్చు, కానీ స్కాన్ చూసి మాత్రమే. ఎంత తొందరగా అయితే అంత మంచిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్ట్రోక్ రెండు రకాలు. ఎక్కువ మందిలో గొట్టం మూసుకుపోతుంది. కొంతమందిలో గొట్టం పగిలి రక్తం కారుతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదానికి ఇచ్చే మందు ఇంకోదానికి విషం. తేడా చెప్పేది సీటీ స్కాన్. అందుకే స్కాన్ లేని చోట ఎంత మంచి డాక్టర్ ఉన్నా ఆ ఇంజెక్షన్ ఇవ్వలేరు. అందుకే స్కాన్‌కి ముందు ఇంట్లో ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేయకూడదు. నీళ్ళు కూడా పట్టకండి. మింగడం సరిగా రాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మా చిన్నాయన విషయంలో ఆ 4 గంటల్లో 15 నిమిషాలే వాడి నేరుగా బయల్దేరి ఉంటే, 9:55కి డాక్టర్ ముందు ఉండేవాళ్ళం. అంటే 2 గంటల 25 నిమిషాలు. గడువులోపే. ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళా, ఇస్తే పూర్తిగా బాగయ్యేదా, నేను చెప్పలేను. కానీ ఆ తలుపు తెరిచి ఉండేది. మేం వెళ్ళేసరికి మూసేసి ఉంది. నాకు బాధ అక్కడే.

మరి జిల్లాకో న్యూరాలజిస్ట్ ఎందుకు లేరు?

ఇది న్యాయమైన ప్రశ్న. ఎంబీబీఎస్ ఐదున్నర ఏళ్ళు. తర్వాత ఎండీ 3 ఏళ్ళు. ఆ తర్వాత న్యూరాలజీలో డీఎం ఇంకో 3 ఏళ్ళు. మొత్తం పదకొండున్నర ఏళ్ళు, మధ్యలో ఎంట్రన్స్‌ల కోసం పోయే కాలం కాక. 140 కోట్ల మంది ఉన్న దేశానికి న్యూరాలజిస్టులు కొన్ని వేల మంది మాత్రమే. వాళ్ళల్లో ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే. మనకైతే నిమ్స్, ఉస్మానియా, గాంధీ, అన్నీ హైదరాబాద్‌లోనే.

కాబట్టి "ప్రతి ఊరి పక్కన ఒక న్యూరాలజిస్ట్ రావాలి" అంటే మన పిల్లల కాలానికి కూడా రాకపోవచ్చు. వేరే దారి చూడాలి. ఆ దారి ఇప్పటికే కొంతమంది వేశారు.

కొండల్లో చేసి చూపించారు

హిమాచల్ ప్రదేశ్ తెలుసు కదా. ఘాట్ రోడ్లు, మంచు. మన 65 నంబర్ హైవే ట్రాఫిక్ వాటి ముందు ఏమీ కాదు. అక్కడ 2014లో ప్రభుత్వమే ఒక పని మొదలుపెట్టింది. జిల్లా ఆసుపత్రుల్లో సీటీ మిషన్ ఉంది, మామూలు ఫిజీషియన్ ఉన్నాడు, న్యూరాలజిస్ట్ లేడు. సిమ్లా, టాండా మెడికల్ కాలేజీల్లో న్యూరాలజిస్టులు ఉన్నారు. ఈ ఇద్దర్నీ కలిపింది ఏమిటో తెలుసా? స్మార్ట్‌ఫోన్. మన జేబులో ఉన్నదే.

రోగి రాగానే జిల్లా డాక్టర్ పరీక్ష చేసి స్కాన్ తీయిస్తాడు. ఆ ఫొటోలు ఫోన్‌లో న్యూరాలజిస్ట్‌కి పంపిస్తాడు. ఆయన చూసి "ఇవ్వండి" లేదా "వద్దు" అంటాడు. ఇంజెక్షన్ జిల్లాలోనే పడుతుంది, మందు ఉచితం. అవసరమైతే ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తారు. అంటే వైద్యం ముందు, ప్రయాణం తర్వాత. మేం చేసింది సరిగ్గా తలకిందులు.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలో ఇంకో పద్ధతి. 2022 జనవరిలో బెంగళూరు నిమ్హాన్స్, ఆ రాష్ట్ర ప్రభుత్వం కలిసి మెదడు ఆరోగ్యం మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. జిల్లా, ప్రాథమిక ఆసుపత్రుల మామూలు డాక్టర్లకే స్ట్రోక్, ఫిట్స్, తలనొప్పి, మతిమరుపు జబ్బుల్ని గుర్తించడం, వైద్యం మొదలుపెట్టడం నేర్పిస్తారు. మొదట ఎంచుకున్న జిల్లాల్లో కోలార్, చిక్కబళ్ళాపూర్ ఉన్నాయి. తెలుగు మాట్లాడే ఊళ్ళు బోలెడున్న జిల్లాలవి.

రెండు పద్ధతుల్లోనూ విషయం ఒకటే. న్యూరాలజిస్ట్‌ని ఊరికి తేలేకపోతే, ఆయన తెలివిని ఊరి దగ్గరి డాక్టర్‌కి చేర్చాలి.

మన సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. 108 అంబులెన్స్ హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న పుట్టింది. ఫోన్ సిగ్నల్ అంతటా ఉంది. ముక్కలన్నీ ఉన్నాయి. స్కాన్ రాత్రి కూడా నడవడం, ఆ ఇంజెక్షన్ స్టాక్‌లో ఉండడం, అవతల ఫోన్ ఎత్తే న్యూరాలజిస్ట్ ఉండడం. ఈ మూడూ ఒకచోట కలిస్తే చాలు. గ్రామసభలో, మన ప్రతినిధుల దగ్గర "పెద్ద బిల్డింగ్ కావాలి" అని కాకుండా, "ఈ మూడూ ఉన్నాయా?" అని అడగండి. అడిగేవాళ్ళు ఉంటేనే జవాబు వస్తుంది.

ఫిట్స్ సంగతి వేరు, అక్కడ దూరం ఏళ్ళలో ఉంటుంది

స్ట్రోక్‌కి నిమిషాలు లెక్క. ఫిట్స్‌కి నెలలు, ఏళ్ళు లెక్క. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సరిగ్గా గుర్తించి వైద్యం చేస్తే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. అయినా పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి ఆ వైద్యం అందడం లేదు. మందులు ఖరీదా అంటే, కాదు. ఫెనోబార్బిటోన్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటివి పాత మందులు, చవక.

మరి ఎందుకు అందడం లేదు? నాతో చదివిన ఒక దోస్త్ కథ చెప్తాను, పేరు వద్దు. ఫ్యాక్టరీలో కాంట్రాక్ట్ పని. ఫిట్స్ ఉన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. చెల్లెలి పెళ్ళికి అడ్డం వస్తుందని ఇంట్లో భయం. మాత్రలు 4 నెలలు వాడాడు, ఫిట్స్ ఆగిపోయాయి. "తగ్గింది కదా" అని మానేశాడు. మూడో వారం రూమ్‌లో స్టవ్ పక్కన పడిపోయాడు. చేయి కాలింది. మిషన్ పక్కన పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

వాడికి తెలియంది ఏమిటంటే, మాత్ర ఫిట్స్‌ని ఆపి ఉంచుతుంది, అంతే. ఆగాయి కాబట్టి మానేయడం అంటే గొడుగు పట్టుకున్నాం, తడవట్లేదు, కాబట్టి గొడుగు మూసేద్దాం అన్నట్టు. సాధారణంగా కనీసం 2 ఏళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాకే, డాక్టర్ చూసి మెల్లగా తగ్గిస్తారు. మన అంతట మనం మానకూడదు. ఎత్తుల మీద, మంట దగ్గర, తిరిగే మిషన్ల దగ్గర పని మాత్రం ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా వద్దు. ఆడపిల్లలు ఎవరైనా వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతుంటే, పెళ్ళి, గర్భం అనుకుంటున్నప్పుడు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. కడుపులో బిడ్డకి దానివల్ల ప్రమాదం ఉంది. భయపడి మానేయకండి, మందు మార్చుకోవచ్చు.

ఇంకో మాట. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డంకి రాసి ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. చట్టం మారి పాతికేళ్ళు దాటింది. మన అరుగుల మీద మాటలే ఇంకా మారలేదు.

ఎవరైనా ఫిట్స్‌తో పడిపోతే

చేతిలో తాళాలు పెట్టకండి. ఉల్లిగడ్డ వాసన చూపించకండి. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఆ పేరు తాళాలకి పోతుంది, అంతే. నోట్లో ఏమీ పెట్టకూడదు. గట్టిగా పట్టుకోకూడదు. తల కింద మెత్తటిది పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా, స్పృహ రాకపోయినా 108కి చేయండి.

పక్కన ఇంకొకరు ఉంటే ఒక పని చేయమనండి. ఫోన్‌లో వీడియో తీయమనండి. స్టేటస్‌లో పెట్టడానికి కాదు, దయచేసి! డాక్టర్‌కి చూపించడానికి. ఫిట్స్ వచ్చినప్పుడు డాక్టర్ అక్కడ ఉండడు. ఏ చేయి ముందు కొట్టుకుంది, కళ్ళు ఎటు తిరిగాయి, ఎంతసేపు, ఇవన్నీ ఆ వీడియోలో ఉంటాయి. ఒక్కోసారి అది మూర్ఛేనా, వేరే ఏదైనానా అన్నది వీడియో చూసే తేలుతుంది. చూపించాక ఇంకెవరికీ పంపకండి.

మాత్రల కోసం ప్రతి నెలా సిటీకి పోయి ఒక రోజు కూలి పోగొట్టుకునేవాళ్ళు కూడా వినండి. 2020 మార్చిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం రిజిస్టర్డ్ డాక్టర్లు ఫోన్‌లో, వీడియోలో చూడొచ్చు. ఈ-సంజీవని అనే ప్రభుత్వ సేవ కూడా ఉంది. పల్లె దవాఖానలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అన్ని మందులూ అలా రాయరు, కానీ అడిగితే పోయేదేమీ లేదు. ఇది పాత రోగుల ఫాలో-అప్‌కే. స్ట్రోక్ వస్తే వీడియో కాల్ కాదు, అంబులెన్స్.

డబ్బుల సంగతి

మా చిన్నాయనకి ఈఎస్‌ఐ కోత పడుతోందని ఇంట్లో తెలుసు. నంబర్ ఎవరికీ తెలియదు. ఆ రోజు జేబుల్లో, బీరువాలో వెతికాం. జీతం 21,000 లోపు ఉండి, 10 మంది గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే ఫ్యాక్టరీ అయితే కాంట్రాక్ట్ కార్మికులకి కూడా ఈఎస్‌ఐ వర్తిస్తుంది. రామచంద్రాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది, సనత్‌నగర్‌లో పెద్దది ఉంది. జీతం స్లిప్‌లో ఆ నంబర్ ఉంటుంది. ఈరోజే ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. ఆరోగ్యశ్రీ పరిమితి మన రాష్ట్రంలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెరిగింది. ఆ కాగితాల ఫొటో కూడా ఫోన్‌లో ఉంచుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది

నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. ముఖం, చేయి, మాట, టైం. నవ్వమంటే నోరు ఒక పక్కకి పోతుందా? రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారుతుందా? ఒక వాక్యం చెప్పమంటే మాట తడబడుతుందా? వీటిలో ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా చాలు, 108. ఉన్నట్టుండి చూపు పోవడం, తూలి పడడం కూడా అంతే. చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడో టైం రాసిపెట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. కాసేపటికి తగ్గిపోయినా సరే వెళ్ళండి, అది పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

రెండోది, మంచిగున్న రోజే ఒక పని చేయండి. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో సీటీ స్కాన్ 24 గంటలూ నడుస్తుంది, స్ట్రోక్ ఇంజెక్షన్ ఎక్కడ ఇస్తారు, ఫోన్ చేసి కనుక్కోండి. ఆదివారం ఉంటుందా అని కూడా అడగండి. మాకు గంట పోయింది ఆ ఒక్క ప్రశ్న అడగక.

మూడోది, ఇంట్లో 30 దాటిన వాళ్ళందరికీ బీపీ చూపించండి. స్ట్రోక్‌కి అన్నిటికంటే పెద్ద కారణం బీపీనే. మా చిన్నాయనకి బీపీ ఉందని ఆయనకి ఆసుపత్రిలోనే తెలిసింది.

ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని గుడి దాకా నడుస్తాడు. కుడి చేయి భుజం దాకా లేవదు. మాట వస్తుంది కానీ పదం కోసం వెతుక్కుంటాడు. కంపెనీ పని అయిపోయింది. చిన్నమ్మ ఇప్పుడు ఇస్నాపూర్‌లో ప్యాకింగ్ పనికి పోతోంది. ఈ ఎపిసోడ్ చేస్తానని చెప్తే ఆయన చాలాసేపు ఆలోచించి, "టైం... చెప్పు" అన్నాడు. చెప్పాను.

మా ఇంట్లో క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించాం. 108, స్కాన్ ఉన్న రెండు ఆసుపత్రుల నంబర్లు, బండి ఉన్న ఇద్దరి నంబర్లు. రాయడానికి 10 నిమిషాలు పట్టింది. ఈ వీడియో లైక్ కొట్టకపోయినా ఏం కాదు. ఆ కాగితం మాత్రం ఈ రాత్రికే రాసి అంటించండి, మీ అమ్మానాన్నలకి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.